అన్నం అరిగేది ఎక్కడ?



మా మేడ్చల్‌లో మధ్యాహ్నం పూట వంటపనులు తెమిలాక నలుగురం ఆడవాళ్లం మా అరుగు మీద చేరి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంటాం. ఒకరోజు నేను ఊరకే ఒక ప్రశ్న వేశాను: “మనం తిన్న అన్నం అరిగేది ఎక్కడ?” అందరూ ఒక్కసారే బొడ్డుకు పైన, ఛాతీకి కింద చెయ్యి పెట్టి చూపించారు. ఇది వింటున్న మీరూ అక్కడే చెయ్యి పెట్టి ఉంటారు. నేను కూడా చాలాకాలం అక్కడే పెట్టేదాన్ని. పదో తరగతిలో జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆ బొమ్మకూ, నా వంటింటికీ, నా ఒళ్లో పిల్లవాడికీ సంబంధం ఉందని నాకు తెలిసివచ్చింది 2004 వానాకాలంలో. ఆ సంగతి తరవాత చెప్తాను. ముందు ఒక ముద్ద వెంట మనమూ లోపలికి వెళ్లి చూద్దాం.

అసలు తిండి అరగడం ఎందుకు? తిన్నది తిన్నట్టే రక్తంలో కలిస్తే సరిపోదా? సరిపోదు. అన్నం, రొట్టె, ఆలుగడ్డ, ఇవన్నీ పిండిపదార్థాలు. పిండిపదార్థమంటే చక్కెర పూసల్ని వందలూ వేలూ గుచ్చిన దండ. పప్పూ, గుడ్డూ, మాంసమూ మాంసకృత్తులు. అవి కూడా దండలే, కాని వాటి పూసలు వేరు, వాటిని అమైనో ఆమ్లాలంటారు. మన పేగుగోడకు ఉన్న తలుపులు చాలా చిన్నవి. దండలు పట్టవు, విడి పూసలే పడతాయి. ఆ దండల్ని తెంపి పూసలు పూసలుగా చెయ్యడమే అరుగుదల. తెంపే కత్తెరలు కూడా మన ఒంట్లోనే తయారవుతాయి. వాటినే ఎంజైములంటారు. ఒక్కో రకం దండకు ఒక్కో రకం కత్తెర.

మొదటి కత్తెర నోట్లోనే ఉంది. నమ్మకపోతే చిన్న జొన్నరొట్టె ముక్క, కూర అంటకుండా, నోట్లో వేసుకుని మింగకుండా నములుతూ ఉండండి. కాసేపటికి తియ్యగా అవుతుంది. రొట్టెలో మనం బెల్లం వెయ్యలేదు కదా, తీపి ఎక్కడిది? లాలాజలంలోని ఎంజైము పిండి దండల్ని అప్పుడే తెంపడం మొదలుపెట్టింది, ఆ తీపి దానిదే. రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. పిల్లలు గబగబా మింగుతుంటే “నమిలి తిను” అని కసురుతాం చూడండి, ఆ కసురు న్యాయమైనదే.

మింగాక ముద్ద ఆహారవాహికలోకి దిగుతుంది. బరువుకు జారిపడుతుందనుకుంటాం గాని, అలా కాదు. గొట్టంలాంటి ఆ కండరం వెనకనుంచి నొక్కుతూ, ముందు సడలుతూ ముద్దను తోస్తుంది. తలకిందులుగా ఉన్నా మింగుడు పడేది అందుకే. ఊపిరి దారీ, అన్నం దారీ పక్కపక్కనే కాబట్టి ఒక్కోసారి పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మనం నెత్తి మీద తడతాం. తలుచుకున్న సంగతి ఎలా ఉన్నా, అన్నం తింటూ మాట్లాడిన సంగతి మాత్రం నిజం.

ఇప్పుడు మీరంతా చెయ్యి పెట్టి చూపించిన చోటికి వచ్చాం. అది జఠరం, అంటే పొట్ట సంచి. ఇక్కడ ఊరే జఠరరసం రోజుకు సుమారు 2 లీటర్లు. అందులో హైడ్రోక్లోరికామ్లం ఉంటుంది. వాంతి అయినప్పుడు గొంతు మండేదీ, పళ్లు పులిసేదీ దానివల్లే. అంత పుల్లటి రసం సంచిని తినెయ్యకుండా లోపలివైపు జిగురుపొర ఒకటి పూసి ఉంటుంది. తిండితో వచ్చే సూక్ష్మక్రిములు చాలావరకు ఇక్కడే చస్తాయి. పెప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తుల దండల్ని పెద్ద పెద్ద తుంపులుగా తెంపుతుంది. సంచి గోడలు పిండీ పిసికీ అన్నాన్ని జావ చేస్తాయి. మామూలు భోజనమైతే 2 నుంచి 4 గంటలు పడుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. పెళ్లిలో బగారన్నం, మాంసం తిన్నరోజు రాత్రి ఆకలి వెయ్యకపోవడం అందుకే.

ఈ జఠరం చేసే పనిని మొదట కళ్లారా చూసిన కథ ఒకటి ఉంది. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడుచువాడికి తుపాకి గుండు తగిలి పొట్టకు కన్నం పడింది. మనిషి బతికాడు గాని కన్నం పూడలేదు. అతనికి వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బోమాంట్ ఆ కన్నంలోంచి మాంసం ముక్కల్నీ, కూరగాయ ముక్కల్నీ పట్టుదారానికి కట్టి లోపలికి వదిలి, గంటగంటకూ బయటికి లాగి చూసేవాడట. అలా ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్ని 1833లో పుస్తకంగా వేశాడు. సైన్సుకు మేలు జరిగింది, నిజమే. ఆ పట్టుదారం చివర కూర్చున్న మనిషికి విసుగు రాలేదా అని మాత్రం నాకు అనిపిస్తుంది.

అయితే అక్కలారా, జఠరం నిజానికి వంటింట్లో రుబ్బురోలు లాంటిది. పిండి రుబ్బుతుంది, ఇడ్లీ వెయ్యదు. అక్కణ్నుంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. జబ్బు చేసి జఠరాన్ని ఆపరేషనులో పూర్తిగా తీసేసినవాళ్లు కూడా, కొంచెం కొంచెంగా తింటూ, విటమిన్ బి12 ఇంజక్షన్లు తీసుకుంటూ బతుకుతున్నారు. చిన్నపేగు లేకపోతే అలా తిని బతకడం సాధ్యం కాదు, నరంలోంచి పోషణ ఎక్కించవలసిందే. కాబట్టి నా ప్రశ్నకు జవాబు చిన్నపేగు. చెయ్యి ఇంకొంచెం కిందికి, బొడ్డు చుట్టూ పెట్టుకోండి.

చిన్నపేగు పేరుకే చిన్నది. పొడవు సుమారు 6 మీటర్లు, మనం కట్టుకునే చీర కంటే కొంచెం పొడుగు. జావగా మారిన అన్నం అందులో అడుగుపెట్టగానే రెండు పక్కలనుంచి సాయం వస్తుంది. కాలేయంలో తయారై పిత్తాశయంలో నిలవ ఉండే పైత్యరసం ఒకటి, క్లోమగ్రంథి నుంచి వచ్చే క్లోమరసం ఒకటి. పైత్యరసం చేసే పని మనకు బాగా తెలిసినదే. నెయ్యి అంటిన కంచాన్ని వట్టి నీళ్లతో కడిగితే జిడ్డు పోదు, సబ్బు కావాలి. పైత్యరసం కడుపులోని సబ్బు. నూనెను చిన్న చిన్న చుక్కలుగా విడగొడుతుంది. అప్పుడు క్లోమరసంలోని కత్తెరలు వాటిని అందుకుంటాయి. పిండినీ, మాంసకృత్తుల్నీ తెంపే కత్తెరలు కూడా క్లోమరసంలోనే ఉన్నాయి. పైగా అది క్షారం. జఠరంలోంచి వచ్చిన పులుపును విరిచేస్తుంది.

ఇక పేగు లోపలివైపు గోడ సంగతి. మీ ఇంట్లో నూలు పంచె ఒకటి, టర్కీ తువ్వాలు ఒకటి ఉంటాయి కదా. ఒలికిన నీళ్లమీద వేస్తే ఏది ఎక్కువ పీలుస్తుంది? టర్కీ తువ్వాలే. దానిమీద పోగులు లేచి ఉంటాయి కాబట్టి. పేగుగోడ కూడా అలాగే లక్షలకొద్దీ పోగులతో ఉంటుంది. వాటిని పాఠ్యపుస్తకంలో ఆంత్రచూషకాలన్నారు. ఒక్కొక్కటి మిల్లీమీటరు కంటే పొట్టిది. దాని ఒంటిమీద కణాలు, ఆ కణాల మీద మళ్లీ అంతకంటే సన్నని పోగులు. ఈ మడతలన్నీ విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాత పుస్తకాలు రాసేవి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ జాగ్రత్తగా లెక్కవేసి, అంత లేదు, దగ్గర దగ్గర 30 చదరపు మీటర్లు, అంటే సగం బాడ్మింటన్ కోర్టంత అన్నారు. అయినా తక్కువేం కాదు. మా మేడ్చల్‌లో రెండు గదుల వాటా అంత జాగా పేగులో మడతపెట్టి ఉందన్నమాట.

చివరి కత్తెరలు ఈ పోగుల కొసలమీదే ఉంటాయి. చక్కెరను విడగొట్టేది ఒకటి, పాలలోని చక్కెరను విడగొట్టేది ఒకటి, ఇలా. దండ పూసలుగా విడిపోయేదీ, ఆ పూస లోపలికి పోయేదీ ఒక్కచోటే. అలా వెళ్లిన చక్కెరా, అమైనో ఆమ్లాలూ రక్తంలో కలిసి ముందు కాలేయానికి పోతాయి. కొవ్వు మాత్రం వేరే దారిలో, శోషరసనాళాల గుండా చుట్టుతిరిగి వస్తుంది. ఈ పోగుల మీద కణాలు మూడు నుంచి అయిదు రోజులకే అరిగి రాలిపోతాయి, కింద నుంచి కొత్తవి పుట్టి పైకి జరుగుతాయి. ఒంట్లో ఇంత తొందరగా మారిపోయే చోటు ఇంకోటి లేదని చెప్పవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ఈ పోగులు దెబ్బతింటే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మన తెలుగు శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు విని ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములు ఇద్దరిని పొట్టన పెట్టుకుంది. అందులో పేగు పోగులు చదునైపోతాయి, మనిషి విరేచనాలతో చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చింది, ఆయన బయటపడ్డారు. అమెరికా వెళ్లి, మన ఒంట్లో శక్తిని అందించే ఎ.టి.పి.ని 1929లో ఫిస్క్‌తో కలిసి వెల్లడించారు. ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. కడుపుతో ఉన్నప్పుడు మీకిచ్చిన మాత్రల్లో ఉన్నదీ ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఇప్పుడు లెక్క ఒకటి చెప్తాను, కాస్త నిదానంగా వినండి. రోజుకు మనం తాగేదీ, తిండిలో వచ్చేదీ కలిపి నీళ్లు సుమారు 2 లీటర్లు. కాని లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు సొంతంగా ఊర్చుకునే రసం, ఇవన్నీ కలిపితే ఇంకో 7 లీటర్లు. అంటే రోజూ సుమారు 9 లీటర్లు పేగులోకి దిగుతున్నాయి. చిన్న బిందెడు! ఇందులో మలంతో బయటికి పోయేది గ్లాసెడు కూడా ఉండదు. మిగిలిందంతా పేగు తిరిగి పీల్చుకుంటుంది, చాలావరకు చిన్నపేగు, ఆఖరి లీటరు, లీటరున్నర పెద్దపేగు. ఒళ్లు తన నీళ్లను తానే అప్పిచ్చి, అరుగుదల కాగానే తిరిగి వసూలు చేసుకుంటుందన్నమాట. మరి వసూలు చేసే పేగుకు జబ్బు చేస్తే? అప్పు ఇవ్వడం ఆగదు, వసూలు ఆగుతుంది. విరేచనాలంటే అదే. పోతున్నది మనం పోసిన నీళ్లొక్కటే కాదు, ఒంట్లోని నీళ్లూ, ఉప్పూ.

2004 సంగతి ఇక్కడ చెప్పాలి. మా పెద్దవాడికి అప్పుడు పదకొండు నెలలు. శ్రావణమాసం, ముసురు. పొద్దున రెండుసార్లు వాంతి, తరవాత నీళ్లవిరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి లెక్క తప్పింది. మా అత్తమ్మ చేతిలో ఆరుగురు పిల్లలు పెరిగారు, ఆవిడ మాటంటే ఇంట్లో శాసనం. “ఏం పెట్టకు బిడ్డా, నీళ్లు గూడ పొయ్యకు. ఎంత పోస్తే అంత పోతది. కడుపు ఖాళీ వెడితే అదే కట్టుకుంటది” అన్నది. మాట సబబుగానే తోచింది. నీళ్లు పోస్తే అయిదు నిమిషాల్లో బట్ట తడుస్తున్నది, కంటికి కనబడుతూనే ఉంది. లంఖణం పరమౌషధమని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని నేను. చనుబాలు కూడా ఆపాను. సాయంత్రానికి పిల్లవాడు ఏడవడం మానేశాడు. “సద్దుకున్నది, నిద్రపోతున్నడు” అనుకున్నాం. ఏడ్చినా కన్నీళ్లు రావడం లేదని, గుడ్డ తడిపి చాలాసేపయిందని నేను గమనించనే లేదు.

మా వీధిలోనే ఉండే ఆరోగ్యకేంద్రం నర్సమ్మ డ్యూటీ నుంచి వస్తూ లోపలికి తొంగి చూసింది. పిల్లవాడి పొట్టమీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. మడత మడతగానే ఉండిపోయింది, మెల్లగా దిగింది. నెత్తిమీద మాడు గుంటపడి ఉంది. “నీళ్లెందుకు ఆపినవక్కా?” అని ఒక్క మాటే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికప్పుడు ప్యాకెట్ కలిపి చెంచాతో పొయ్యడం మొదలుపెట్టి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోతూ దారిపొడుగునా పోసింది. అక్కడ సెలైన్ పెట్టారు. మూడోరోజు ఇంటికొచ్చాం. ఇప్పుడు వాడికి మీసాలొచ్చి, నాకు సలహాలు చెప్తున్నాడు.

మా అత్తమ్మ తర్కంలో తప్పెక్కడుంది? పేగు మొత్తం మూతపడిందనుకోవడంలో. మూతపడదు. ఉప్పూ చక్కెరా జంటగా వెళ్లే తలుపు ఒకటి విరేచనాల్లో కూడా చాలావరకు తెరిచే ఉంటుంది. ఉప్పు ఒక్కటే వెళ్తే అది సరిగా తీసుకోదు, రెండూ చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తే లోపలికి రానిస్తుంది. వాటి వెంట నీళ్లూ పోతాయి. ఈ జంట తలుపు గురించి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. వట్టి నీళ్లు తాగిస్తే అంతగా ఫలితం లేకపోవడానికీ, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పనిచెయ్యడానికీ కారణం ఇదే.

దాన్ని జనం మధ్య నిలబడి చేసి చూపించినవాడు మన దేశస్థుడే. 1971లో బంగ్లాదేశ్ నుంచి శరణార్థులు తండోపతండాలుగా వచ్చినప్పుడు బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గర కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి, తల్లులూ బంధువులూ తమ రోగులకు తామే తాగించుకునేట్టు ఏర్పాటు చేశారు. నూటికి ముప్పయి దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపుకు పడిపోయింది. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడు ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. మనింట్లో గూట్లో పెట్టుకునే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ వెనక ఇంత కథ ఉంది.

చక్కెర మంచిదని చెప్పి ఎక్కువ వేస్తే? మామిడిముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట ఎలా ఊరుతుందో మీకు చెప్పాలా? చిక్కటి చక్కెర నీళ్లు పేగులోకి పోతే పేగుగోడనుంచి నీళ్లు అలాగే బయటికి లాగుతాయి. విరేచనం పెరుగుతుంది. సరైన ఓ.ఆర్.ఎస్. లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. అదే ఒక లీటరు కూల్ డ్రింకులో చక్కెర 100 గ్రాములు దాటుతుంది. మందుల షాపుల్లో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు కొన్ని తమ పేరులో ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు తగిలించుకుని చాలా ఏళ్లు అమ్ముడుపోయాయి. మన హైదరాబాదు పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అందుచేత కొనేటప్పుడు బొమ్మ చూసి కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఆరోగ్యకేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర ఊరికే ఇచ్చే ప్యాకెట్ దేనికీ తీసిపోదు.

పిల్లలకు వచ్చే నీళ్లవిరేచనాల్లో పెద్ద దొంగ రోటా వైరస్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆమె సహచరులూ జబ్బుపడ్డ పిల్లల పేగు ముక్కల్లో దీన్ని కనిపెట్టారు. చూడటానికి బండి చక్రంలా ఉంటుందని ఆ పేరు. ఇది సరిగ్గా మన టర్కీ తువ్వాలు పోగుల కొసలమీద పడి, అక్కడి ముదురు కణాల్ని రాల్చేస్తుంది. పాలచక్కెరను విడగొట్టే కత్తెర ఉండేది ఆ కొసలమీదే కాబట్టి, జబ్బు తగ్గాక కూడా కొన్నిరోజులు కొందరు పిల్లలకు పోతపాలు పడవు. చనుబాలు మాత్రం ఆపకూడదు. పెరుగులో సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత ముందే తినేసి ఉంటాయి గనక, పెరుగన్నం తేలిగ్గా పడుతుంది.

మరి పోగులు తిరిగి మొలవాలంటే? కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో కొత్తవి పుడతాయని చెప్పాను కదూ. వాటికి తిండి కావాలి. పేగు తన మేత చాలావరకు తనలోంచి వెళ్లే ఆహారంలోంచే తీసుకుంటుంది. కడుపు ఎండబెడితే ఆ కణాలే ముందు బక్కచిక్కుతాయి. పెద్దవాళ్లం మనం అజీర్ణం చేసి ఒకపూట మానేస్తే నష్టమేం లేదు. పాలుతాగే బిడ్డకు మాత్రం లంఖణం మందు కాదు. ఆరునెలలు దాటిన పిల్లలకు మెత్తటి పెసరపప్పు కిచిడి, కొంచెం నూనె వేసి, అరటిపండు, పెరుగన్నం, తిన్నంత, మాటిమాటికీ కొంచెం కొంచెంగా పెట్టాలి. డాక్టరు చెప్పిన జింకు మాత్ర కూడా వెయ్యాలి: రెండు నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, పద్నాలుగు రోజులు. విరేచనం ఆగింది కదా అని మధ్యలో మానకూడదు.

ఆ రోటా వైరస్‌కు అడ్డం పడే చుక్కలమందు ఒకటి మా ఊరి పక్కనే తయారవుతుంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లి, చెరువు దాటి కరీంనగర్ రోడ్డుమీద పోతే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ అని పెద్ద పెద్ద ప్రహరీల మధ్య మందుల ప్రయోగశాలలూ, ఫ్యాక్టరీలూ కనబడతాయి. బస్సులోంచి ఎన్నోసార్లు చూశాను గాని, లోపల ఏం చేస్తారో చాలాకాలం పట్టించుకోలేదు. 1985–86లో ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రిలో పురిటిబిడ్డల్లో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ ఒక వింత గమనించారు. రోటా వైరస్ ఉంది, బిడ్డలు మాత్రం జబ్బుపడలేదు. పైగా అలా సోకిన బిడ్డలకు తరవాత గట్టిజబ్బు రావడం తక్కువ. ఆ మెత్తటి వైరస్ నుంచే, దేశవిదేశాల సంస్థలు కలిసి పనిచేయగా, ఈ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రోటావ్యాక్ అనే చుక్కలమందు తయారుచేసింది. 6,799 మంది పసిబిడ్డల మీద ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో పరీక్షించి, తీవ్రమైన రోటా విరేచనాలు సగానికి పైగా తగ్గుతాయని తేల్చారు. 2015లో విడుదలయింది. 2016లో రోటా టీకాను ప్రభుత్వ టీకాల పథకంలో చేర్చడం మొదలుపెట్టి, 2019 నాటికి దేశమంతటా విస్తరించారు. బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లోనే వేస్తారు, సూది లేదు. నూటికి నూరుపాళ్లు కాపాడదు కాబట్టి చుక్కలు వేయించినా ప్యాకెట్ ఇంట్లో ఉండవలసిందే. 2004లో మా వాడికి ఈ చుక్కలు లేవు.

పెద్దపేగును మర్చిపోయానని అనుకోకండి. చిన్నపేగు తెంపలేని పీచు అక్కడికి చేరుతుంది. కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి తాము తింటాయి, పేగు కణాలకూ కొంత పెడతాయి. శనగలూ, బొబ్బర్లూ తిన్నరోజు కడుపులో గాలి పుట్టేది అక్కడే. వాటిలోని కొన్ని చక్కెరల్ని తెంపే కత్తెర మనకు లేదు మరి. రాత్రి నానబోసి ఆ నీళ్లు పారబోసి వండితే కొంత తగ్గుతుంది. మన అమ్మమ్మలు ఏ పుస్తకం చదవకుండానే చేసిన పని ఇది.

పోయిన వానాకాలంలో శామీర్‌పేటలో ఉండే మా ఆడబిడ్డ కూతురు చంటిపిల్లతో మా ఇంటికి వచ్చింది. పిల్లకు తొమ్మిది నెలలు. రాత్రి విరేచనాలు పట్టుకున్నాయి. నేను లేచేసరికి మా అత్తమ్మ, ఇప్పుడు డెబ్బై దాటింది, స్టవ్ మీద నీళ్లు కాచి చల్లార్చి, గిన్నె ముందర పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులు సబ్బుతో కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. “పిల్లకు గంత అవసరం లేదు గదా” అని ప్యాకెట్‌లో సగం పొడి గ్లాసెడు నీళ్లలో వేసి, మిగతా సగం మడిచి దాచబోతున్నది. నేను ఆపాను. పొడిని కంటిలెక్కన సగం చేస్తే పాళ్లు తప్పుతాయి, గ్లాసెడు నీళ్లలో వేస్తే మరీ చిక్కనవుతుంది. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, పిల్ల తాగినంత తాగాక మిగిలింది ఇరవైనాలుగు గంటలయ్యాక పారబొయ్యాలి. ప్యాకెట్ దొరకనప్పుడైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చక్కెర తలకొట్టిన ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చెంచా. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు.

“లీటరంటే ఎంత బిడ్డా?” అన్నది. నీళ్ల సీసా తెచ్చి కొలిచి ఇచ్చాను. విరేచనం అయినప్పుడల్లా రెండేళ్లలోపు పిల్లకు పావుకప్పు నుంచి అరకప్పు, గటగటా కాదు, రెండు నిమిషాలకొక చెంచా. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ. ఆరు గంటలపాటు మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకుపోయినా, మగతగా పడుకున్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనబడినా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికే. పిల్ల రెండో గంటలో గుడ్డ తడిపింది. మా అత్తమ్మ ఆ తడిగుడ్డను చేతిలో పట్టుకుని, “ఇగో, పోసింది!” అని ఇల్లంతా వినబడేట్టు చెప్పి, మళ్లీ చెంచా అందుకున్నది.